గవ్వ వంతు

పాట మొదలుపెట్టే ముందు ఆమె ఎప్పుడూ ఒక పిల్ల చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుంటుంది. ఆ చేతికి బలపం పొడి ఉన్నా, ముక్కు తుడుచుకున్న తడి ఉన్నా పట్టింపు లేదు. చెయ్యి కుదురుకునేదాకా ఆగుతుంది. తర్వాత పెదవులు విప్పకుండా సన్నగా కూనిరాగం తీస్తుంది. గొంతులో పుట్టిన అదురు ఆ చిన్న అరచేతిలోకి పాకుతుంది. పిల్ల కళ్ళు పెద్దవవుతాయి. పాట చెవికంటే ముందు చేతికి తెలియాలని ఆమె నమ్మకం.

అందరూ ఆమెను పాటల పిన్ని అంటారు. పిల్లలూ అంతే, పిల్లల తల్లులూ అంతే. బడిలో పిల్లలకు వండిపెట్టే తల నెరిసిన ఆయమ్మ, వయసులో ఆమెకంటే పెద్దది, ఆవిడా పిన్ని అనే పిలుస్తుంది.

బట్టల ఫ్యాక్టరీ వెనక సందులో, ఒకప్పుడు గోదాముగా ఉన్న గదిలో పిల్లల బడి నడుస్తుంది. తల్లులు కుట్టుమిషన్ల దగ్గరుంటే పిల్లలు ఇక్కడుంటారు. గది ఒక్కటే. అందనంత ఎత్తులో కిటికీలు. గోడకు చేరేసిన చాపలు. ఒక మూల ఆయమ్మ పొయ్యి, గిన్నెలు. వాద్యం అంటూ ఏమీ లేదు, గింజలు పోసి మూత బిగించిన పాలపొడి డబ్బా తప్ప.

గోడ అవతల టైర్ల షాపు. అక్కడ గాలి మిషన్ మొదలైతే గోడ వణుకుతుంది, చాపలు జారతాయి, ఎవరి మాట వాళ్ళకే వినపడదు. ఎన్నో ఏళ్ళుగా ఆ మిషన్‌తో పిన్నికి ఒక ఒప్పందం ఉంది. అది అరుస్తున్నప్పుడు ఈమె ఊరుకుంటుంది. అది ఊరుకున్నాక ఈమె అందుకుంటుంది. షాపాయనను పిల్లలు గాలి మామ అంటారు. చిన్న సైకిళ్ళకు ఆయన ఊరికే గాలి కొడతాడు. ఆయన కూతురు కూడా ఈ బడిలోనే ఉంటుంది. నిలబడ్డ చోట నిలబడదు కనుక ఆ పిల్లకు బొంగరం అని పేరు పడింది.

పిన్ని పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికిన మనిషి కూతురు. తల్లి పని అయ్యేదాకా పిల్లల వార్డు వరండాలో కూర్చునేది. ఎక్కడెక్కడి తల్లులో అక్కడికి వచ్చేవారు. జ్వరం పిల్లల్ని ఒళ్ళో వేసుకుని ఎవరి పాట వాళ్ళు పాడుకునేవారు. మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. అయినా పాట సాగుతున్నంతసేపూ ఆమెకు ధైర్యంగా ఉండేది. ఏదైనా మంచం దగ్గర పాట ఆగిందంటే ఆ బిడ్డ నిద్రపోయిందని ఒక అర్థం. ఇంకో అర్థం కూడా ఉందని ఆమెకు చాలా చిన్నప్పుడే తెలిసింది. ఆ వరండాలో పట్టుకున్న పాటలే ఆమె చదువు.

పెళ్ళయ్యాక భర్త, సిటీ బస్సు డ్రైవరు, ఆ పాటలు విని నవ్వేవాడు. నీ గొంతు సత్రమే, ఎవరొచ్చినా పడుకోనిస్తావు, ఎక్కడివాళ్ళని అడగవు అనేవాడు. అడిగితే సత్రం ఎలా అవుతుందండీ అని ఆమె జవాబు.

బడిలో ఆమె పని పద్ధతి ఒకటుంది. పాటను ఆమె ఎక్కడినుంచో తేదు. కొత్త పిల్ల చేరిన రోజున తల్లిని చాప మీద కూర్చోబెట్టి, ఇంట్లో ఏం పాడతావమ్మా అని అడుగుతుంది. తల్లి సిగ్గుపడి, నవ్వి, చివరికి ఒక చరణం పాడుతుంది. పిన్ని దాన్ని పట్టుకుంటుంది. మర్నాటినుంచి అది పలకరింపు పాటలో ఆ పిల్ల వంతు అవుతుంది. ఒకరిది వేళ్ళు లెక్కపెట్టే పాట. ఒకరిది మేకను పిలిచే కేక. ఒకరిది వదలని వానను తిట్టే తిట్టు. గుండ్రంగా కూర్చుని పాట తిప్పుతారు. ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు అందరూ ఆ ఇంటి భాషలో పాడాలి. అది ఏ భాష, ఎక్కడి భాష అని పిల్లలు ఎన్నడూ అడగలేదు. వాళ్ళకు అవి భాషలు కావు. బొంగరం వంతు, మెల్లకన్ను వంతు, పెద్ద కవలది, చిన్న కవలది. అంతే.

ఒకరిది అందరి దగ్గరా ఉంటే పోదని పిన్ని అనేది. అదే ఆమె చేసిన తప్పు అని తర్వాత ఆమెకు అనిపించింది.

వానలు వెలిశాక గవ్వ చేరాడు. పెదవులు అంత గట్టిగా మూసుకుని ఉండేవాడు కనుక ఆయమ్మ ఆ పేరు పెట్టింది. తల్లి ఫ్యాక్టరీలో కుట్టిన బట్టలకు మిగిలిన దారాలు కత్తిరిస్తుంది. తాము దక్షిణం వైపు వాళ్ళమని చెప్పింది. పాట అడిగితే మాకు పాటలేం లేవు అక్కా అంది. వాడు ఆమె కొంగు వదలడు. షిఫ్టు గంట మోగింది. ఆయమ్మ నీళ్ళకు వెళ్ళింది, పిల్లలు పెరట్లో ఉన్నారు. అప్పుడు ఆ తల్లి తలుపు వైపు ఒకసారి చూసి, వాడి చెవి దగ్గర ఒక చరణం పాడింది. కొంచెం పైకెక్కి, ఒక్క మెట్టు దిగి, మళ్ళీ ఎక్కే వరస. అది దక్షిణపు మాట కాదు. నది అవతలి వాళ్ళ భాష. ఆసుపత్రి వరండాలో విన్న భాషే కనుక పిన్ని గుర్తుపట్టింది, సంబరపడింది. తలుపు వైపు చూసిన ఆ చూపును కూడా చూసింది. చూసి వదిలేసింది.

మర్నాడు గవ్వ చేతిని గొంతు మీద పెట్టుకుని ఆ చరణం అందుకుంది. వాడు చాలాసేపు విన్నాడు. తర్వాత మూసిన నోరు విచ్చుకుంది. ఆ రోజునుంచి వాడే చాపలు దాటుకుంటూ వచ్చి, మునివేళ్ళ మీద లేచి, ఆమె గొంతు మీద చెయ్యి పెట్టేవాడు. అడగడానికి వాడికున్న మాట అదొక్కటే. మెల్లగా మిగతా మాటలు కూడా వచ్చాయి. అందరిలోకీ ఆ చరణం బొంగరానికి బాగా పట్టుబడింది. గిరగిరా తిరుగుతూ పాడడానికి అది సరిగ్గా సరిపోతుంది.

ఊరు ఎప్పుడు మారిందో చెప్పడం కష్టం. ఫ్యాక్టరీలో కొందర్ని తీసేశారు. నది అవతలి వాళ్ళు వచ్చి తక్కువ కూలికి చేరుతున్నారని ఎవరో అన్నారు. అన్నది ఎవరో తెలియదు, విన్నవాళ్ళే అందరూ. ఒక కొట్టు కాలింది. సందు చివర గోడ మీద ఒక వాక్యం కనిపించింది. దాన్ని చదివినవాళ్ళు తల తిప్పుకుని నడిచారు, తుడిచినవాళ్ళు లేరు.

ఒక సాయంత్రం భర్త డ్యూటీనుంచి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుంటూ ఆయనే చెప్పాడు. తన బస్సులో ఒక కుర్రాణ్ణి కదులుతుండగా కిందికి తోసేశారు.

"ఏం చేశాడండీ?"

"ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. ఆ భాషలో. అంతే."

బండి ఆపారా అని అడగాలనుకుంది ఆమె. ఆయన ముఖం చూసి అడగలేదు. అన్నం ముందు కూర్చుని ఆయన కంచం వైపే చూస్తూ అన్నాడు, "నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఇప్పుడు ఊరే మంచిగా లేదు. నీ నోరు కాస్త కట్టుకోవే."

మర్నాడు కుళాయి దగ్గర గవ్వ తల్లి ఆమెను పట్టుకుంది. చుట్టూ ఎవరూ లేరు. అయినా నీళ్ళు ధారగా వదిలి ఆ చప్పుడులో మాట్లాడింది.

"అక్కా, ఆ పాట ఆపించండి."

తాము ఎక్కడివాళ్ళమో దాచి గది తీసుకున్నామని చెప్పింది. తన భర్త గుమ్మం దాటితే నోరు విప్పడట. ఇంట్లో కూడా గుసగుసలేనట. నిన్న తను బిందెతో వస్తుంటే వీధిలో ఒక పిల్ల గొంతెత్తి ఆ చరణం పాడుకుంటూ పోతోందట. కాళ్ళకింద నేల పోయిందట.

"ఏ పిల్ల?" అంది పిన్ని. అడుగుతుండగానే ఆమెకు తెలిసిపోయింది.

"గాలి మామ కూతురు."

సాయంత్రాల్లో గాలి మామ షాపు దగ్గర ఈ మధ్య మనుషులు పోగవుతున్నారు. సందులో అందరికీ తెలిసిన సంగతే. టైర్ల దొంతర మీద కూర్చుంటారు, టీలు తాగుతారు, గొంతు తగ్గించి మాట్లాడతారు. వెళ్ళేటప్పుడు చేతిలో కర్రో కడ్డీయో ఏదో ఒకటి ఉంటుంది.

ఆ రోజునుంచి పిన్ని గవ్వ వంతు దగ్గర చప్పట్లు కొట్టించింది. పాట నేర్పడం ఆమెకు తెలుసు. మరిపించడం తెలియదు. నేర్పిన పాట మూత లేని గిన్నెలో నీళ్ళలాంటిది, ఎటు వంచినా ఒలుకుతుంది. పిన్నీ, గవ్వ వంతు మర్చిపోయావు అని పిల్లలు గోల పెట్టారు. కొత్త పాట తెచ్చింది. పాడారు, పాడి మళ్ళీ పాతది అందుకున్నారు. నిశ్శబ్దం ఆట ఆడించింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఒకరు ఆ వరసనే సన్నగా తీసేవారు. అప్పుడామెకు గోడ అవతల గాలి మిషన్ ఆగి ఉందా, అరుస్తోందా అన్నదొక్కటే ధ్యాస.

గవ్వ వంతు దగ్గర అందరూ చప్పట్లు కొడుతుంటే వాడు కొట్టలేదు. ఒకటి రెండుసార్లు లేచి వచ్చి గొంతు మీద చెయ్యి పెట్టాడు. ఆమె ఆ చెయ్యి మెల్లగా తీసేసింది. తర్వాత వాడు రావడం మానేశాడు. తర్వాత మాట్లాడడం మానేశాడు. ఆయమ్మ అన్నం కలుపుతూ, పిల్లాడు మళ్ళీ మూసుకుపోయాడు పిన్నీ అంది. పిన్ని వంగి చాపలు సర్దింది.

వాళ్ళు పట్టపగలే వచ్చారు. పిల్లలు చేతులు కడుక్కుని గుండ్రంగా కూర్చుంటున్నారు. ముందు గాలి మామ. చేతిలో టైర్లు ఊడదీసే కడ్డీ ఉంది. పనిలోంచి లేచి వచ్చాడేమో అనుకోవడానికి ఆమె ప్రయత్నించింది. వెనక ముగ్గురో నలుగురో. వాళ్ళలో ఉతికిన చొక్కా వేసుకున్న ఒకాయన చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆ మర్యాద ఆమెకు కడ్డీకంటే భయంగా తోచింది.

ఆయన చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఈ సందులో అవతలివాళ్ళు ఒక కుటుంబం దాక్కుందని తెలిసిందన్నాడు. వాళ్ళ భాష పాట ఒకటి వీధిలో వినపడుతోందట. పెద్దవాళ్ళు అబద్ధాలాడతారు, వాళ్ళననేం లాభం అని నవ్వాడు.

"పిల్లలు ఆడరు కదమ్మా. మీ పాట ఒకసారి పాడించండి. విని వెళ్ళిపోతాం."

గాలి మామ ఆమె వైపు చూడలేదు. అసలు గాలి మామ ఎవరి మాటా వినడు, ఆ చొక్కా ఆయన మాట ఎలా విన్నాడో అని ఆయమ్మ తర్వాత ఎన్నోసార్లు అంది.

పిన్ని చాప మీద కూర్చుంది. దగ్గరగా ఉన్న చెయ్యి అందుకుంది. పెద్ద కవలది. గొంతు మీద పెట్టుకుంది. రెండోసారికి గాని రాగం పలకలేదు. పాట బయలుదేరింది. వేళ్ళు లెక్కపెట్టారు. మేకను పిలిచారు. వానను తిట్టారు. ఉతికిన చొక్కా ఆయన గోడకానుకుని తల ఊపుతూ విన్నాడు. గవ్వ దగ్గరికి వచ్చేసరికి ఆమె చప్పట్లు కొట్టి, ఊపిరి పీల్చుకోకుండా పక్క పిల్ల వంతు అందుకుంది.

ఆమెతో ఎవరూ అందుకోలేదు. గదిలో పాట తెగిపోయింది.

గవ్వ లేచాడు. చాపలు దాటుకుంటూ వస్తున్నాడు. ఇన్నాళ్ళూ రానివాడు. కూర్చో నాయనా అని ఆమె కళ్ళతో చెప్పింది. వాడు కళ్ళు చూడలేదు. వచ్చి ఆమె గొంతు మీద చెయ్యి పెట్టాడు.

ఆ అరచేతి కింద పాట లేదు. నరం మాత్రం కొట్టుకుంటోంది. అది వాడికి తెలుస్తోందని ఆమెకు తెలుసు. ఉతికిన చొక్కా ఆయన గోడను వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"వీడెందుకు లేచాడు?"

ఆమెకు ఆసుపత్రి వరండా గుర్తుకొచ్చింది. పాట ఆగిన మంచం గుర్తుకొచ్చింది.

పిల్లలు పిల్లలే. ఒకరు లేస్తే అందరూ లేస్తారు. గవ్వ చెయ్యి పెట్టాడు కనుక చిన్న కవలకూ పెట్టాలనిపించింది. చిన్నవాడు పెడితే పెద్దవాడు ఊరుకుంటాడా. తోసుకుంటూ, నేను ముందంటే నేను ముందంటూ గదిలో ఉన్న పిల్లలంతా ఆమె మీద పడ్డారు. గొంతు మీద, మెడ మీద, గడ్డం కింద చేతులే. ఏ చెయ్యి ఎవరిదో చూసేవాళ్ళకే కాదు, ఆమెకూ తెలియలేదు. చోటు దొరకనిది బొంగరం ఒక్కతే. ఆ పిల్లకు ఒళ్ళు మండింది. గది మధ్యకు పోయి, చేతులు బార చాపి, గిర్రున తిరుగుతూ, మానేసిన ఆ చరణాన్ని గొంతెత్తి పాడింది. చేతుల గుంపులోంచి మిగతావాళ్ళు అందుకున్నారు. అందరూ పాడారు. ఒక్క తప్పు లేకుండా పాడారు.

పాట అయిపోయింది.

ఉతికిన చొక్కా ఆయన వంగి బొంగరం తల నిమిరాడు. "ఎంత బాగా పాడావమ్మా. ఎవరి పిల్లవు నువ్వు?"

"మా నాన్న అదిగో."

ఆయన వెనక్కి తిరిగి గాలి మామను చూశాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మీ ఇంట్లో పిల్లకు బాగానే వచ్చిందే."

గాలి మామ ముఖంలో రక్తం ఎటుపోయిందో తెలియదు. ఆ ముఖాన్ని పిన్ని గుర్తుపట్టింది. కుళాయి దగ్గర గవ్వ తల్లిది అదే ముఖం. పొద్దున్నే అద్దంలో తనది అదే.

"ఈ పాట ఎవరు నేర్పారమ్మా?"

"పిన్ని. కానీ ఇది..."

గాలి మామ చెయ్యి వచ్చి ఆ నోటిని మూసింది. గ్రీజు చెయ్యి. కడ్డీ నేలమీద పడి మోగింది.

"పదండి," అన్నాడు గాలి మామ. "వీళ్ళు అన్నీ పాడతారు. మేక కూతలు కూడా కూస్తారు, మేకలు ఎక్కడివని అడుగుతామా? ఇందులో ఏం తేలదు."

నవ్వు ఎవరికీ రాలేదు. ఉతికిన చొక్కా ఆయన చెప్పులు వేసుకుంటూ, తేలుతుంది లెండి, మళ్ళీ వస్తాం అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియకుండా అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక బొంగరం ఏడవలేదు. చెంపల మీద నల్లగా వేళ్ళ అచ్చులు పడ్డాయి. ఆయమ్మ తడిగుడ్డతో రుద్దింది. గ్రీజు ఒకపట్టాన పోలేదు. గవ్వ పిన్ని ఒళ్ళోనే ఉన్నాడు. వాడు చెయ్యి తియ్యలేదు, ఆమె తీయించలేదు. అయినా ఆమె పాడలేదు.

షిఫ్టు వదిలాక గవ్వ తల్లి వచ్చింది. సంగతి ఫ్యాక్టరీ దాకా ముందే పాకింది. రేపటినుంచి వీణ్ణి పంపనంది. గదిలో పెట్టి బయట తాళం వేసి పోతానంది.

"లోపల పాడుకోకుండా ఉంటాడా?" అంది పిన్ని.

"ఉంటాడు అక్కా. పాడితే నాన్నను తీసుకుపోతారని చెప్పాను."

ఇద్దరూ వాడి వైపు చూశారు. వాడు చెప్పులు తొడుక్కుంటున్నాడు. వెళ్ళబోతూ ఆ తల్లి ఆగింది. ఆ చరణానికి అర్థం మీరెప్పుడూ అడగలేదు అంది. నీళ్ళు లేచాయి, చేపా నువ్వూ లే. అంతే అక్కా, అందులో ఇంకేం లేదు అంది.

ఇంటి దగ్గర భర్త సంగతంతా విన్నాడు. నాలుగు రోజులు ఒంట్లో బాగాలేదని కబురు పెట్టెయ్, గాలివాన వచ్చినప్పుడు తలుపులు వేసుకోవడం తప్పు కాదు అన్నాడు. ఆమె సరేనంది. ఆయనకు ఆ సరే మీద నమ్మకం కుదరలేదు. కంచం ముందునుంచి లేవకుండా ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. బస్సు దిగి ఆ కుర్రాడి దగ్గరికి నేను వెళ్ళలేదే అన్నాడు. ఆమె కంచం తీసింది.

తెల్లవారి ఆమె బడికి పోయే దారిన పోలేదు. షిఫ్టు గంటకు ముందే గవ్వ వాళ్ళ గదికి వెళ్ళింది. తల్లి గుమ్మంలో ఉంది, చేతిలో తాళం. లోపల గోడవైపు తిరిగి వాడు కూర్చుని ఉన్నాడు. పిన్ని ఏమీ వివరించలేదు. నాతో తీసుకెళ్ళి నాతోనే తీసుకొస్తాను అంది. తల్లి చాలాసేపు తాళాన్ని చేతిలో తిప్పింది. తర్వాత తప్పుకుని దారి ఇచ్చింది.

సందులో ఇద్దరూ నడిచారు. వెనక ఏదో తలుపు చప్పుడైతే ఆమె వాణ్ణి దగ్గరికి లాక్కుంది. ఎదురొచ్చిన ప్రతి మనిషి చేతులూ చూసింది. వాడి వేళ్ళు తన వేళ్ళలో నలుగుతున్నాయని తెలిసి పట్టు వదులు చేసింది, మళ్ళీ బిగించింది. గోడ మీది వాక్యం దాటారు. మలుపు తిరగ్గానే టైర్ల షాపు. గాలి మామ షట్టర్ ఎత్తుతున్నాడు. టైర్ల దొంతర మీద ఉతికిన చొక్కా ఆయన కూర్చుని టీ తాగుతున్నాడు.

సరిగ్గా అక్కడ గవ్వ ఆగాడు. ఆమె చెయ్యి లాగాడు. మునివేళ్ళ మీద లేచి రెండో చెయ్యి పైకెత్తాడు.

దాటి పోవచ్చు. నాలుగు అడుగులు వేస్తే గుమ్మం. ఆమె వంగింది. ఆ చెయ్యి పట్టుకుని తన గొంతు మీద పెట్టుకుంది. కుదురుకునేదాకా ఆగింది. పెదవులు విప్పకుండా రాగం తీసింది.

టీ గ్లాసు దగ్గర తల ఇటు తిరుగుతోంది. గాలి మామ షట్టర్ సగంలో వదిలేశాడు. ఆమెను చూశాడు, పిల్లవాణ్ణి చూశాడు. లోపలికి పోయి మిషన్ మీట నొక్కాడు.

గోడ వణికింది. సందంతా ఆ అరుపుతో నిండిపోయింది. ఎన్నో ఏళ్ళ ఒప్పందం ప్రకారం ఆమె ఇప్పుడు ఊరుకోవాలి. ఆమె ఊరుకోలేదు. నోరు తెరిచి, నీళ్ళను లేపి, చేపను లేపి, మొదటినుంచి చివరిదాకా, మళ్ళీ మొదటినుంచి, ఆ అరచేతి కింద పాడుతూ నిలబడింది.